రాయి తీశాక వచ్చే జ్వరం

కిడ్నీలో రాళ్ల ఆపరేషన్ చరిత్రను మన ఊళ్లలో ఆసుపత్రి బోర్డులే రెండు ముక్కల్లో చెప్పేస్తుంటాయి. కోత లేదు, కుట్లు లేవు, మర్నాడే ఇంటికి. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఒకప్పుడు నడుము పక్కన జానెడు కోత పడేది. తర్వాత వేలి మందం రంధ్రంతో పని జరిగింది. ఇప్పుడు మూత్రమార్గం గుండానే పైదాకా వెళ్లే సన్నటి గొట్టం, దాని కొసన లేజర్ వచ్చాయి. రాళ్ల శస్త్రచికిత్స కథను కోత చిన్నదవుతూ వచ్చిన కథగా చెప్పుకోవడం వైద్యులకూ ఇష్టమే, రోగులకూ ఇష్టమే. అలా చెప్పుకుంటున్నప్పుడు, కోత ఎంత తగ్గితే ప్రమాదం అంత తగ్గిందనే లెక్క కూడా చెప్పకుండానే వచ్చి పక్కన కూర్చుంటుంది. నాకు అభ్యంతరం ఆ లెక్కతోనే. రాయి తీయించుకున్నాక జనం ఎప్పుడు, ఎలా, ఎవరెవరు చనిపోయారో వరసగా పెట్టి చూస్తే, చాలామంది ప్రాణం తీసింది కోతకు ముందే మూత్రంలోనూ, మూత్రపిండంలోనూ, చివరికి రాయి కడుపులోనూ కాపురం పెట్టిన ఇన్ఫెక్షన్ అని తేలుతుంది. కత్తి దానికి ఒక దారి చూపించిందంతే. ఆ దారి మూసుకుపోయాక అది వేరే దారి పట్టింది.

పాత గ్రంథాల్లోని రాయి, నేడు మనం స్కానింగులో చూసుకునే రాయి ఒకటి కాదని ముందే చెప్పుకోవాలి. 19వ శతాబ్దం రెండో సగం దాకా శస్త్రవైద్యుడి చేయి అందింది మూత్రాశయంలోని రాయికే. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ఏడో అధ్యాయం ఈ రాయికే, అంటే అశ్మరికే, కేటాయించారు. మోకాలెత్తు బల్ల మీద రోగిని పడుకోబెట్టి, పైభాగం మరొకరి ఒడిలో ఉంచి, కాళ్లూ చేతులూ బిగించి కడతారు. వైద్యుడు గోళ్లు తీసుకున్న ఎడమచేతి రెండు వేళ్లకు చమురు రాసి మలద్వారంలోకి పోనిచ్చి, రాయిని కిందికి గడ్డలా తేలేటట్టు చేస్తాడు. నడిమి గీతకు ఎడమపక్క యవగింజంత ఎడం విడిచి కోస్తాడు. ఇంత దగ్గరగా చూసి రాసినవాడు ఆపరేషన్ చేయడానికి ఏమాత్రం తొందరపడడు. మందులు ఓడిపోయినప్పుడే, చేయకుంటే చావు ఖాయం, చేస్తే బతుకు సందేహం అని ఒప్పుకుని, రాజుకు విన్నవించి మరీ మొదలుపెట్టమంటాడు. రాయి లోపల చిట్లకూడదని, పిసరు మిగిలినా మళ్లీ పెరుగుతుందని హెచ్చరిస్తాడు. అయ్యాక వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలి, పాలు కారే చెట్ల కషాయంతో మూత్రమార్గం కడగాలి, ఏడు రాత్రులైనా మూత్రం తన దారికి రాకపోతే గాయాన్ని నిప్పుతో కాల్చాలి. దీన్ని చూపించి సుశ్రుతుడికి సూక్ష్మక్రిములు తెలుసని వాదించేవాళ్లు మనలో ఉన్నారు. ఆ వాదన వల్ల గ్రంథం గొప్పతనం పెరగదు. ఆయన ఆలోచించింది వాత పిత్త కఫాల లెక్కలోనే. అయితే ప్రమాదం మిగిలిపోయిన ముక్కలోనూ, దారి తప్పిన మూత్రంలోనూ ఉందని కళ్లతో చూసి రాశాడు. ఈ రెండూ మనకు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి.

రోములో మొదటి శతాబ్దపు సెల్సస్ రాసిన పద్ధతి దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆయనా గోళ్లు తీసుకోమన్నాడు, ఎడమచేతి రెండు వేళ్లే వాడమన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. వసంత రుతువులోనే చేయాలి, అదీ తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకే చేయాలి. గ్రీకు వైద్యుల ప్రమాణమైతే ఈ పనికే దూరంగా ఉండమని, అది చేసేవాళ్లకు వదిలేయమని చెప్పింది. దాంతో యూరప్‌లో రాయి కోయడం వైద్యుల చేతిలోంచి జారి, ఊరూరా తిరిగే వృత్తిగాళ్ల చేతికి వెళ్లింది. ఫ్రాన్సులో కొలో అనే కుటుంబం తరతరాలు ఈ విద్యను ఇంటి రహస్యంగా దాచుకుంది. 1698 ప్రాంతంలో ఫ్రేర్ జాక్ అనే సంచారి పారిస్ ఆసుపత్రుల్లో అరవై మందిని కోస్తే 25 మంది పోయారు. దానికి ముందు, 1658 మార్చి 26న, లండన్‌లో థామస్ హోలియర్ అనే శస్త్రవైద్యుడు పాతికేళ్ల సామ్యూల్ పెపీస్‌కు టెన్నిస్ బంతంత రాయి తీశాడు. పెపీస్ బతికి, తర్వాత జగత్ప్రసిద్ధమైన డైరీ రాసి, ఆపరేషన్ జరిగిన రోజును ఏటేటా పండగలా విందుతో జరుపుకున్నాడు. అదే హోలియర్ గురించి ఆ కాలపు రాత ఒకటి చెప్పేదేమిటంటే, ఒక ఏడాది ముప్పై మందిని కోస్తే అందరూ బతికారు, ఆ తర్వాత మొదటి నలుగురూ చనిపోయారు. అదే మనిషి, అదే పద్ధతి. మధ్యలో ఏం మారిందో ఆయనకు తెలిసే వీల్లేదు. పరికరాలకు ఏదో అంటుకుందని తర్వాతి తరాల వైద్యులు ఊహించారు. ఆ ఊహ సబబుగానే తోస్తుంది.

ఈ ఊహలకంటే గట్టి సాక్ష్యం లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పనిచేసిన విలియం చెసెల్డెన్ (1688–1752) లెక్కల్లో దొరుకుతుంది. మత్తుమందు లేని రోజుల్లో ఆయన ఒక నిమిషంలోపే రాయి బయటికి తీసేవాడని పేరు; 54 సెకన్ల రికార్డు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఆ 54 సెకన్లకంటే విలువైనది ఆయన దాచకుండా అచ్చువేయించిన పట్టిక. మొత్తం 213 మందిని కోశాడు, 20 మంది పోయారు. ఆ రోజుల్లో అది అబ్బురమే. అయితే వయసుల వారీగా విడదీస్తే కథ ఇంకోలా వినిపిస్తుంది. పదేళ్లలోపు పిల్లలు 105 మంది, పోయింది ముగ్గురు. పది నుంచి ఇరవై మధ్య 62 మంది, పోయింది నలుగురు. అంటే ఇరవై ఏళ్లలోపు 167 మందిలో ఏడుగురే. ఇరవై దాటిన 46 మందిలో పోయింది పదమూడు మంది. మొదటి జట్టులో నూటికి నలుగురు, రెండో జట్టులో నూటికి ఇరవై ఎనిమిది మంది. యాభై దాటిన పద్నాలుగు మందిలోనైతే ఆరుగురు బల్ల దిగాక బతకలేదు. చేయి అదే, కత్తి అదే, గడియారం అదే. ఒకే మనిషి నైపుణ్యం పదేళ్ల పిల్లాడి దగ్గర దేవుడిలా, ముప్పై ఏళ్ల వాడి దగ్గర కసాయిలా మారిపోదు కదా. తేడా రోగి ఒంట్లో ఉంది.

పెద్దవాళ్లు తట్టుకోలేరు, అందులో వింతేముంది అనవచ్చు. అరవై ఏళ్ల వాళ్ల విషయంలో ఆ మాట సరిపోతుంది. ఇరవైకీ నలభైకీ మధ్య ఉన్నవాళ్ల మాటేమిటి? చెసెల్డెన్ పట్టికలో వాళ్లు 22 మంది, పోయింది ఐదుగురు. నిండు వయసు మనుషులు. ఇరవై రెండు చిన్న సంఖ్య, దాని మీద మేడలు కట్టకూడదు, నిజమే. పెద్దవాళ్లలో కోత లోతుగా పోవాలి, రక్తస్రావం ఎక్కువ అని శరీరశాస్త్రం తెలిసినవాళ్లు మరో కారణం చెబుతారు. అదీ కొంత నిజం. అయినా కారణమంతా రక్తస్రావమే అయితే మరణాలు బల్ల మీదో ఆ రాత్రో జరగాలి. పాత శస్త్రవైద్యుల రాతల్లో పదే పదే కనిపించే క్రమం వేరు. రెండో రోజో మూడో రోజో వణుకు, జ్వరం, మూత్రం తగ్గడం, పొట్ట ఉబ్బడం, మగత, ఆపైన అంతం. ఏళ్ల తరబడి రాయి అడ్డంపడి మూత్రం నిలిచిపోయినవాడి మూత్రాశయం కుళ్లుతుంది, ఆ ఒత్తిడి పైకి ఎక్కి కిడ్నీలు ఉబ్బి పలచబడతాయి. పిల్లాడి రాయి నిన్న మొన్నటిది. పెద్దవాడి రాయి వెనక పదేళ్ల చీము ఉండొచ్చు.

ఈ సంగతి పట్టించుకోకుండా ప్రపంచం మాత్రం గడియారం వంకే చూస్తూ ఉండిపోయింది. 1828లో లండన్ గైస్ ఆసుపత్రిలో బ్రాన్స్‌బీ కూపర్ అనే శస్త్రవైద్యుడు స్టీఫెన్ పొలార్డ్ అనే కూలీకి రాయి తీయడానికి దగ్గర దగ్గర గంట తీసుకున్నాడు. పొలార్డ్ మర్నాటికి చనిపోయాడు. లాన్సెట్ పత్రిక సంపాదకుడు థామస్ వేక్లీ దాన్ని పూసగుచ్చినట్టు అచ్చువేసి, పెద్ద డాక్టరుగారి సోదరుడి కొడుకు కాబట్టే కూపర్‌కు ఆ ఉద్యోగం దక్కిందన్నాడు. పరువునష్టం దావా పడింది. రెండు వేల పౌండ్లు అడిగిన కూపర్‌కు జ్యూరీ వంద ఇప్పించింది. ఆ వంద పౌండ్ల తీర్పులో కూపర్ మీద జాలికంటే వేక్లీ మీద మెప్పే ఎక్కువ కనిపిస్తుంది. బంధుప్రీతి మీద ఆయన యుద్ధం న్యాయమైనదే. అయితే ఆ రచ్చ పుణ్యమా అని రాళ్ల ఆపరేషన్ అంటే చేతినేర్పు, వేగం, ధైర్యం అన్న అభిప్రాయం జనం మనసుల్లో ఇంకా బిగుసుకుంది.

అప్పటికే పారిస్‌లో అసలు కోతనే తీసిపారేసే ఉపాయం బయల్దేరింది. 1824లో జాఁ సివియాల్ మూత్రమార్గం గుండా పరికరం పోనిచ్చి, రాయిని లోపలే పిండిచేసి, మూత్రంతో పోయేలా చేశాడు. లితోట్రిటీ అని దానికి పేరు. కోత లేదు, కుట్లు లేవు అనే బోర్డు నిజానికి అప్పుడే రాయొచ్చు. ఆయన దేశదేశాల లెక్కలు పోగేసి 1835లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. కోసినవాళ్లలో పోయినవాళ్లు సుమారు ఐదింట ఒక వంతు. నలిపినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురు. వైద్యంలో గణాంకాలు కోర్టు సాక్షిలా నిలబడిన తొలి సందర్భాల్లో ఇదొకటి. గణితవేత్త పోయిసోఁ కూడా ఆ కమిటీలో ఉన్నాడు. నా వాదనకు ఇంతకంటే గట్టి ఎదురుదెబ్బ ఉండదు. కోత పోయింది, చావులు పడిపోయాయి. మరి ప్రమాదం కోతలో లేదని ఎలా అంటాను?

అప్పటి విమర్శకులే దీనికి సగం జవాబు ఇచ్చారు. నలపడానికి సివియాల్ ఎంచుకున్నది చిన్న రాళ్లు, మంచి మూత్రాశయాలు, గట్టి ఒళ్లు. రాయి పెద్దది, మూత్రం చెడిపోయింది, మనిషి నీరసించాడు అనుకుంటే ఆ కేసు కత్తికే పోయేది. రెండు జట్లలోకి వచ్చిన రోగులే వేరు. ఇది సగమే అని ఎందుకన్నానంటే, కోత మానేయడం వల్ల వచ్చిన మేలు ఉత్త ఎంపిక మాయ కాదు. తెరిచిన గాయం, అందులోంచి రోజుల తరబడి కారే మూత్రం ఇన్ఫెక్షన్‌కు రాజమార్గం, అది మూసుకుపోయింది. మిగతా సగం జవాబు నలిపిన రోగుల దగ్గరే దొరికింది. కత్తి తగలకపోయినా, పరికరం పోనిచ్చిన కొన్ని గంటలకే కొందరికి పళ్లు టకటకలాడే చలి, మండిపోయే జ్వరం వచ్చేవి. ఉత్త కెథటర్ పెట్టినా వచ్చేవి. ఆ కాలపు వైద్యులు దానికి మూత్రజ్వరం అని పేరు పెట్టి, నరాల అదురు అని సర్దిచెప్పుకున్నారు. కోత లేకుండానే అదే జ్వరం వచ్చిందంటే కారణం కోతలో వెతికి లాభం లేదు.

ఆ జ్వరపు కాలంలో పేరుమోసిన రోగి మూడో నెపోలియన్. 1870లో సెడాన్ దగ్గర ప్రష్యన్లకు లొంగిపోయేనాటికే రాతి బాధతో గుర్రమెక్కడమే నరకమైన స్థితి. సింహాసనం పోయి ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు చిజిల్‌హర్స్ట్‌లో ప్రవాసం ఉండగా, ఆనాటి రాళ్ల వైద్యుల్లో మొదటివాడు సర్ హెన్రీ థాంప్సన్‌ను పిలిపించారు. 1863లో బెల్జియం రాజు లియోపోల్డ్‌కు రాయి నలిపి పేరు తెచ్చుకున్నవాడు ఆయన. 1873 జనవరి 2న జోసెఫ్ క్లోవర్ క్లోరోఫాం ఇస్తుండగా థాంప్సన్ మొదటి విడత నలిపాడు. 6న రెండో విడత. మూడోది 9వ తేదీన అనుకున్నారు. ఆ రోజు పొద్దున పది ముప్పావుకు చక్రవర్తి చనిపోయాడు. శవపరీక్షలో రాయి సగం దాకా ఇంకా లోపలే ఉంది. కిడ్నీలకు దారితీసే నాళాలు ఉబ్బి ఉన్నాయి, కిడ్నీల్లో వాపు తాము అనుకున్నదానికంటే ఎంతో ముదిరి ఉందని వైద్యులే సంతకాలు పెట్టి ప్రకటించారు. చావుకు తక్షణ కారణం మీద అప్పుడే గొడవ మొదలైంది. కిడ్నీలు మొరాయించి విషం రక్తంలో పేరుకుపోయిందని కొందరు, నిద్రమందు ఎక్కువైందని కొందరు. సెప్సిస్, అంటే రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, ఒక్కటే అని నేను తేల్చి చెప్పను. కానీ ప్రపంచంలో అందరికంటే నేర్పరి చేయి, కోత లేని పద్ధతి, మత్తుమందు, అన్నీ సమకూరిన చోట ఏడు రోజుల్లో రోగి పోయాడు. సగం నలిగిన రాయి, వాచిన కిడ్నీ లోపల ఉన్నాయి. చెసెల్డెన్ పట్టికలో ఇరవై దాటినవాళ్లకు ఏమైందో ఇక్కడ ఒక్క దేహంలో చూడొచ్చు.

ఐదేళ్లకు, 1878లో, బోస్టన్‌లో హెన్రీ బిగెలో పాత నమ్మకాన్ని తలకిందులు చేశాడు. పరికరం లోపల కొన్ని నిమిషాలకు మించి ఉండకూడదు, ముక్కలు వాటంతటవే పోవాలి, మిగిలింది మరో రోజు అనేది అప్పటి నియమం. బిగెలో మత్తులో గంటకు పైగా కూర్చుని, రాయంతా నలిపి, లావుపాటి గొట్టంతో ముక్కలన్నీ ఒకే విడతలో కడిగేశాడు. మూత్రాశయాన్ని గాయపరిచేది పరికరం కాదు, విడిచిపెట్టిన ముక్కలు అన్నాడు. పిసరు మిగలకూడదన్న సుశ్రుతుడి మాట చుట్టు తిరిగి బోస్టన్ చేరినట్టుంది. ఈ పద్ధతికి అతి పెద్ద పరీక్ష మన దేశంలోనే జరిగింది. ఇండోర్‌లో కీగన్ దీన్ని చిన్నపిల్లలకు కూడా చేసి చూపించాడు, ఉత్తరాదిన ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు ఫ్రేయర్ వందల మందికి చేసి పుస్తకం రాశాడు. ఆ రికార్డులన్నీ ఉత్తరానివే కావడం కాకతాళీయం కాదు. మూత్రాశయపు రాళ్లు అప్పట్లో పంజాబ్, సింధు వైపు విపరీతం, దక్షిణాన అరుదు. తిండిలో తేడాయే దీనికి మూలమని కూనూర్‌లో రాబర్ట్ మెకారిసన్ ఎలుకలకు లోపభూయిష్టమైన తిండి పెట్టి, వాటి మూత్రాశయాల్లో రాళ్లు పుట్టించి మరీ చూపించాడు. ఆయన పెంచిన ఆ పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.

ఇక కిడ్నీ సంగతి. గుస్తావ్ సైమన్ 1869లో హైడెల్‌బర్గ్‌లో ఒక స్త్రీకి కిడ్నీ పూర్తిగా తీసి, ఒక్క కిడ్నీతో మనిషి బతుకుతుందని రుజువు చేశాడు. 1871లో రాళ్లున్న కిడ్నీని అలాగే తీస్తే రోగి దాదాపు నెలకు ఇన్ఫెక్షన్‌తో పోయింది. మొదటిదానికీ రెండోదానికీ కోతలో తేడా లేదు. శస్త్రవైద్యుడు లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడగడం 1867లో ప్రకటించినా, అది అందరికీ అలవాటు కావడానికి దశాబ్దం పైనే పట్టింది. 1880లో లండన్‌లో హెన్రీ మోరిస్ పందొమ్మిదేళ్ల పనిపిల్లకు, చీముపట్టని కిడ్నీని తెరిచి రాయి ఒక్కటే తీసి, కిడ్నీని కాపాడాడు. ఈ ఆపరేషన్ విజయం గురించి రాసేవాళ్లు చేతి నేర్పును పొగుడుతారు. చీముపట్టని కిడ్నీ అనే మాట మీదే నా దృష్టి నిలుస్తుంది. బయటి నుంచి వచ్చే క్రిమిని లిస్టర్ పద్ధతి ఆపగలిగింది. లోపల ఉన్నదాని ముందు అది నిస్సహాయం.

లోపల ఉన్నదెవరో 20వ శతాబ్దం మొదట్లో తెలిసింది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది. మూత్రం క్షారంగా మారుతుంది. క్షారంలో మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి గడ్డకడతాయి. అలా పెరిగిన రాయి కిడ్నీ గదులన్నీ నింపి జింక కొమ్ములా కొమ్మలు వేస్తుంది. అంటే ఈ జాతి రాయిని కట్టింది ఇన్ఫెక్షనే, అందులో నివాసమూ దానిదే. 1971లో అమెరికాలో నెమోయ్, స్టేమీ అనే ఇద్దరు ఇలాంటి రాళ్లను పైన బాగా కడిగి, తర్వాత నలిపి పరీక్షిస్తే లోపలి నుంచి బతికున్న బ్యాక్టీరియా బయటపడింది. నెలల తరబడి యాంటీబయాటిక్ మింగినా మందు అక్కడికి చేరదు. ఈ ఒక్క ప్రయోగం తర్వాత రాయి నలపడం అనే పనికి అర్థమే మారిపోవాలి. సివియాల్ నుంచి లేజర్ దాకా మనం గర్వంగా చేస్తున్న పని, కొందరి విషయంలో, క్రిముల గూటిని మూత్రంలోకి పగలగొట్టడం.

పగిలిన గూటి నుంచి అవి రక్తంలోకి ఎలా వెళ్తాయో 1924లోనే ఫ్రాంక్ హిన్‌మన్ చూపించాడు. కిడ్నీ గదుల్లో ఒత్తిడి ఒక హద్దు దాటితే ద్రవం వెనక్కి తన్ని నేరుగా సిరల్లోకి పోతుంది. ఆ హద్దు పెద్దదేమీ కాదు, పాదరసం లెక్కలో ముప్పై నలభై మిల్లీమీటర్లు. అర్ధశతాబ్దం దాకా ఈ విషయం పరిశోధకుల ముచ్చటగా ఉండిపోయింది. 1976లో స్టాక్‌హోంలో ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ చర్మం నుంచి కిడ్నీకి సన్నటి దారి వేసి రాయి తీశాక, 1980లో మ్యూనిక్‌లో చౌసీ బృందం బయటి నుంచి షాక్ తరంగాలతో రాయి పగలగొట్టాక, అదే దశకంలో మూత్రనాళంలోకి దుర్బిణి గొట్టాలు వెళ్లాక, ఈ ముచ్చట ఆపరేషన్ గదిలోకి వచ్చి కూర్చుంది. గొట్టంతో చూడాలంటే నీళ్లు పారించాలి. రక్తం, పొడి అడ్డొస్తే ఇంకా జోరుగా పారించాలి. దారి ఎంత సన్నగా ఉంటే ఆ నీళ్లు తిరిగి రావడం అంత కష్టం, లోపల ఒత్తిడి అంత ఎక్కువ. కోత తగ్గించడం కోసం చేసిన పనే ఇన్ఫెక్షన్‌కు తలుపు తెరిచే సందర్భం ఇక్కడ ఉంది. ఈమధ్య వచ్చిన పీల్చే గొట్టాలు ఈ ఒత్తిడి తగ్గించడానికి తయారైనవే.

యాంటీబయాటిక్ యుగంలో ఇదంతా పాత భయం కాదా అని అడగొచ్చు. ఆపరేషన్‌కు ముందు మూత్రం కల్చర్ చేయిస్తారు, క్రిమి లేదని తేలాకే చేస్తారు, చేసే ముందు సూది వేస్తారు. 2007–2009 మధ్య 96 కేంద్రాల్లో, చర్మం గుండా కిడ్నీ రాళ్లు తీసిన 5,803 మంది లెక్కలు ఉన్నాయి. వాళ్లలో జ్వరం వచ్చింది 10.5 శాతానికి. కల్చర్‌లో క్రిమి కనపడినవాళ్లలో 18 శాతానికి వచ్చింది సరే. ఏ క్రిమీ లేదని రిపోర్టు వచ్చినవాళ్లలోనూ దాదాపు 9 శాతానికి వచ్చింది. ఈ రెండో సంఖ్య దగ్గర ఆగాలి. మనం పరీక్షకు ఇచ్చేది మూత్రాశయంలోని మూత్రం. ఇన్ఫెక్షన్ ఉన్నది రాయి వెనక. తూముకు బండ అడ్డంపడితే కాలవలో కారే నీళ్లను చూసి చెరువులో ఏముందో చెప్పలేం. 2005లో ఎడిన్‌బరో వైద్యులు మూడు రకాల నమూనాలూ పోల్చి చూస్తే, ఆపరేషన్ తర్వాత ఎవరికి రోగం తిరగబడుతుందో మూత్రాశయపు మూత్రం చెప్పలేకపోయింది, కిడ్నీలోంచి తీసిన మూత్రం, రాతి ముక్క చెప్పగలిగాయి. కానీ ఆ రెండూ చేతికొచ్చేసరికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది. రాతి ముక్కను కల్చర్‌కు పంపితే, జ్వరం వచ్చిన రోగికి ఏ మందు మార్చాలో చెప్పడానికి పనికొస్తుంది. చాలాచోట్ల ఆ ముక్కను చిన్న సీసాలో వేసి గుర్తుగా రోగి చేతిలో పెడతారు.

జ్వరం వేరు, చావు వేరు, లెక్కలు కలిపేస్తున్నారని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. జ్వరం వచ్చినవాళ్లలో అత్యధికులకు సెప్సిస్ దాకా వెళ్లదు, సెప్సిస్ వచ్చినా చాలామంది బతుకుతారు, ఇవాళ రాయి తీయించుకుని చనిపోవడం అరుదు. నొప్పి, రక్తస్రావం, ఆసుపత్రి రోజులు, పనికి తిరిగి వెళ్లే కాలం, వీటన్నిటిలో చిన్న కోత గెలిచింది. జానెడు కోత మళ్లీ తెమ్మని ఎవరూ అడగరు. నేననేది ఇంతే. మరణాలు తగ్గించిన ఘనతలో పెద్ద వాటా చీమును ముందే వెతికి పట్టుకోవడానిది, ముక్క మిగల్చకపోవడానిది, ఒత్తిడి దించడానిది, మందులది. పొద్దున ఆపరేషన్, మర్నాడు ఇల్లు అనే బోర్డు కింద ఈ వాటా కనపడదు. సెప్సిస్ మొదలైతే సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, అంటే రోగి ఇంటికి చేరాక చలి పుట్టొచ్చు. చలిజ్వరమంటే మనవాళ్లకు ముందు మలేరియా గుర్తొస్తుంది, పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పుతారు. ఆ జ్వరానికి మందు ఆసుపత్రిలో ఉంది, గంటలు లెక్కలోకి వస్తాయి.

రాయి అడ్డంపడి, దాని వెనక చీము నిండి, జ్వరంతో వచ్చిన రోగికి ఏం చేయాలన్న దాని మీద నేటి వైద్యంలో గొడవ లేదు. ముందు రాయి జోలికి పోరు. మూత్రనాళంలో స్టెంట్ వేసో, నడుము నుంచి కిడ్నీలోకి సన్నటి గొట్టం పెట్టో చీము బయటికి వదిలేస్తారు. అమెరికాలో ఇలాంటి రోగుల లెక్కలు చూస్తే, అలా దారి ఇచ్చినవాళ్లలో చనిపోయింది సుమారు 9 శాతం, ఇవ్వనివాళ్లలో 19 శాతం. ఇంకా కష్టమైన సందర్భం ఒకటుంది. అన్ని పరీక్షలూ బాగున్నాయి, రోగికి మత్తు ఇచ్చారు, సూది కిడ్నీలోకి దిగింది, దాని వెంట తేటనీళ్లకు బదులు చిక్కటి చీము వచ్చింది. రాయి తెర మీద కనపడుతూనే ఉంటుంది, లేజర్ పక్కనే సిద్ధంగా ఉంటుంది. పాఠ్యపుస్తకం చెప్పేది ఆగమనే. గొట్టం పెట్టి, చీమును కల్చర్‌కు పంపి, బయటికి వచ్చేయాలి. రాయి సంగతి వారాల తర్వాత చూసుకోవాలి. వరండాలో కూర్చున్న కొడుకుకో భార్యకో దీన్ని వివరించడం తేలిక కాదు. డబ్బు కట్టాం, లోపలికి తీసుకెళ్లారు, రాయి తీయకుండానే తెచ్చారు అంటారు. డాక్టరు మీద అనుమానపడతారు, వేరే ఆసుపత్రి పేరు ఎవరో చెబుతారు. థాంప్సన్‌కు అలా ఆగే అవకాశం లేదు. లోపల చీము ఉందో లేదో చూపించే సూది గానీ తెర గానీ ఆయన దగ్గర లేవు. ఇవాళ ఉన్నాయి.